ఖాళీ గదికి అరువు మంచం

తణుకులో మా అత్తగారిల్లు అమ్మకానికి పెట్టి నాలుగు నెలలైంది. ఈ నాలుగు నెలల్లో పదకొండు కుటుంబాల వాళ్లు వచ్చి చూసి వెళ్లారు. అందరికీ వీధి గుమ్మం నచ్చింది. పెరట్లో జామచెట్టు నచ్చింది. బోరు నీళ్లు చప్పగా లేవని ఒకావిడ రెండు గ్లాసులు తాగింది కూడా. అందరూ ఆగిపోయేది ఒక్కచోటే, నైరుతి గది గుమ్మం దగ్గర. లోపలికి ఎవరూ రారు. గడప ఇవతలే నిలబడి తల మాత్రం లోపలికి పెట్టి, "ఇది మరీ చిన్నగా ఉందండీ" అంటారు.

నిజానికి ఆ గదీ, పక్క గదీ ఒకే కొలత. పది అడుగులకి పన్నెండు. 1984లో మా మావగారు వేయించిన ప్లాను కాగితం ఇప్పటికీ మా దగ్గరుంది, నీలం రంగు వెలిసిపోయి. పక్క గదిలో మేం వెళ్లినప్పుడు పడుకునే మంచం, ఇనప బీరువా, కుట్టుమిషను, పాత పుస్తకాల పెట్టె ఉన్నాయి. అడుగు తీసి అడుగు వేయడానికి చోటుండదు. ఆ గదిని చూసినవాళ్లంతా "ఇది బాగా పెద్దదండీ" అన్నారు! ఏమీ లేని గది చిన్నదట, సామాను కిక్కిరిసిన గది పెద్దదట. మా వారు టేపు పట్టుకుని కొలిచి చూపించినా ఎవరూ నమ్మలేదు.

మా చెల్లితో ఫోనులో ఈ మాట చెబితే పకపకా నవ్వింది. అది ఉండేది అమెరికాలో సియాటిల్ పక్కన బెల్‌వ్యూలో. "అక్కా, ఆ గదిని స్టేజింగ్ చెయ్యాలే. మంచం వెయ్యి. ఖాళీ గది ఎంతుందో మనిషి కంటికి తెలీదు. మంచం కనపడితే దాని పక్కన ఎంత చోటు మిగిలిందో లెక్క కట్టుకుంటారు" అంది. రెండేళ్ల క్రితం వాళ్లు ఇల్లు మారినప్పుడు అదే చేశారట. తమ సామానంతా గోడౌనుకి పంపేసి, ఎవరివో సోఫాలు, ఎవరివో దీపాలు, ఎవరివో పటాలు అద్దెకి తెచ్చి పెట్టించారట. దేవుడి మందిరం తీసేసి అక్కడ ఒక పూలకుండీ. పడగ్గదిలో తెల్లటి దుప్పటి, అరడజను దిండ్లు. "అంత మెత్తటి పరుపు చూసి మా ఆయన ఒక్కసారి పడుకుందామని కూర్చున్నారే అక్కా, కింద అట్టపెట్టెలు! పెట్టెల మీద గాలి పరుపు పెట్టి పైన దుప్పటి కప్పారు" అని చెప్పి మళ్లీ నవ్వింది.

నేను మాత్రం నవ్వలేకపోయాను. ఎందుకంటే మా నైరుతి గది ఊరికే ఖాళీ అయిన గది కాదు. మా అత్తయ్యగారు పోయింది అందులోనే. నక్షత్రం మంచిది కాదని, ఆ గదికి ఆరు నెలలు తాళం పెట్టమన్నారు పురోహితులు. పన్నెండో రోజున శయ్యాదానానికి కొత్త మంచం, పరుపు, దిండు, దుప్పటి కొని ఇచ్చాం. ఆవిడ పడుకున్న టేకు పట్టెమంచాన్ని, తాళం తీశాక మా బావగారు హైదరాబాదు తీసుకువెళ్లారు. మిగిలింది నేల మీద మంచం కోళ్ల గుర్తులు నాలుగు, గోడ మీద తలనూనె మరక ఒకటి. ముప్పై ఏళ్లు ఆవిడ మంచం మీద కూర్చుని, గోడకి తల ఆనించి, భాగవతం చదువుకున్న చోట పడిన మరక అది. చూడవచ్చిన వాళ్ల కళ్లు ముందు దాని మీదికే పోతాయి. తరవాత అడిగే ప్రశ్న ఏమిటో మీరు ఊహించుకోగలరు.

బ్రోకరు అబ్బాయి మంచివాడే. ఒకరోజు నన్ను పక్కకి పిలిచి, "అమ్మగారూ, ఎవరైనా అడిగితే పెద్దావిడ ఆసుపత్రిలో పోయారని చెప్పండి. మీకు పాపం రాదు, నాకు కమిషన్ వస్తుంది" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మంచం అరువు తెచ్చి వేయడం, ఈ అబద్ధం చెప్పడం, రెండూ ఒకటేనా కాదా అని ఆలోచిస్తూ, అసలు ఈ గది అలంకరించి చూపించే పని ఎప్పుడు, ఎవరు మొదలుపెట్టారో అని చదవడం మొదలుపెట్టాను. నాకు ఏదైనా మనసుకి పట్టుకుంటే చేసే పని అదే, బి.ఏ. చదివే రోజుల నుంచీ. చదివినదంతా ఇక్కడ రాస్తున్నాను, ఓపికుంటే చదవండి.

మంచాన్ని చూపించి మనుషుల్ని రప్పించుకోవడం కొత్త సంగతేమీ కాదు. ఇంగ్లండులో వేర్ అనే ఊరుంది. లండన్ నుంచి ఒక రోజు ప్రయాణం దూరంలో ఉండటం వల్ల పూర్వం బాటసారులు అక్కడ రాత్రి ఆగేవారు. 1590ల నాటికి ఆ ఊళ్లోని సత్రాలవాళ్లు ఒక బ్రహ్మాండమైన ఓక్ చెక్క పందిరి మంచం చేయించారు. వెడల్పు మూడు మీటర్లకి పైనే. నాలుగు జంటలు ఒకేసారి పడుకోవచ్చని ప్రతీతి. ఇంత మంచం నిద్ర కోసం కాదని వేరే చెప్పాలా? బాటసారి పక్క సత్రానికి పోకుండా తమ సత్రానికి రావాలని. పడుకున్నవాళ్లు ఊరుకున్నారా, కోళ్ల మీద తమ పేర్ల పొడి అక్షరాలు చెక్కి వెళ్లారు. మన గుళ్ల గోడల మీద రాసేవాళ్లు గుర్తుకొచ్చారు నాకు. షేక్‌స్పియర్ కూడా తన నాటకంలో ఆ మంచం పేరెత్తాడు. 1931 నుంచీ అది లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

అదే షేక్‌స్పియర్ 1616లో వీలునామా రాస్తూ భార్యకి తన 'రెండో మంచి మంచం' ఇచ్చాడన్న కథ చాలామందికి తెలిసే ఉంటుంది. కాలేజీలో మా ఇంగ్లీషు మాస్టారు ఇది చెప్పినప్పుడు క్లాసులో ఆడపిల్లలందరం తెగ కోప్పడ్డాం. మొదటి మంచం ఎవరికిచ్చాడు మహానుభావుడు అని. తరవాత తెలిసిందేమిటంటే, ఆ రోజుల్లో ఇంట్లో అన్నిటికన్నా మంచి మంచాన్ని అతిథుల కోసం ఉంచేవారట. మొగుడూ పెళ్లాల మంచం రెండోదే. అంటే ఆ ఇంట్లో మొదటి మంచం పడుకోవడానికి కాదు, వచ్చినవాళ్లకి చూపించడానికి అన్నమాట.

చూపించడంలో ఫ్రాన్సు రాజు పదునాలుగో లూయీని మించినవాడు లేడు. 1701లో ఆయన తన పడకగదిని వెర్సాయ్ భవనానికి నట్టనడుమకి మార్పించుకున్నాడు. పొద్దున లేవడం ఒక దర్బారు, రాత్రి పడుకోవడం ఒక దర్బారు. చొక్కా అందించే హక్కు కోసం పెద్ద పెద్ద ప్రభువులు పోటీ పడేవారు. మంచానికీ జనానికీ మధ్య ఒక కటకటాల వరస. మన తిరుమలలో ఏకాంత సేవ పేరుతో రోజూ రాత్రి స్వామివారిని పవళింపజేస్తారు కదా, దేవుడికి మనం చేసేది ఆయన తనకే చేయించుకున్నాడు. 1715లో ఆయన చనిపోయింది కూడా ఆ గదిలోనే. ఇప్పుడు ఏటా లక్షలమంది టిక్కెట్టు కొని ఆ గది చూసి వస్తారు. మా తణుకు గది గడప దగ్గర ఆగిపోయినవాళ్లలో ఇద్దరైనా యూరప్ టూరుకి వెళ్లి ఆ గది ముందు నిలబడి ఫోటో తీయించుకుని ఉంటారని నా అనుమానం.

ఇవన్నీ రాజులూ సత్రాలూ. అమ్మడం కోసం ఒక ఇంటిని, అందులో ఒక పడకగదిని తయారుచేసి చూపించడం వేరే సంగతి. లండన్‌లో 1908లో డైలీ మెయిల్ పత్రిక 'ఐడియల్ హోమ్' ప్రదర్శన పెట్టింది. ఇల్లంటే ఇలా ఉండాలి అని చూపించడానికి. అమెరికాలో 1922లో 'బెటర్ హోమ్స్ ఇన్ అమెరికా' అని ఒక ఉద్యమమే వచ్చింది. ది డెలినియేటర్ అనే ఆడవాళ్ల పత్రిక సంపాదకురాలు మేరీ మెలొనీ దాన్ని మొదలుపెట్టింది. హెర్బర్ట్ హూవర్, తరవాత దేశాధ్యక్షుడైనాయన, దానికి పెద్దదిక్కుగా నిలబడ్డాడు. నాకు ఈ ఘట్టం చాలా నచ్చింది. ఎందుకంటే అక్కడ పనిచేసింది మనలాంటి గృహిణులు. ఊరూరా కమిటీలు వేసుకుని, ఊళ్లో ఒక మామూలు ఇంటిని తీసుకుని, దుకాణాల వాళ్లని అడిగి మంచాలూ కుర్చీలూ అరువు తెచ్చి, పరదాలు కట్టి, ఒక వారం పాటు జనానికి చూపించేవారు. తక్కువ డబ్బుతో చక్కగా ఎలా ఉండొచ్చో చెప్పడం పైకి ఉద్దేశం. సామాను అమ్ముడుపోతుందని దుకాణదారులకీ తెలుసు, ఇళ్లు అమ్ముడుపోతాయని బిల్డర్లకీ తెలుసు. జీతం లేకుండా కష్టపడింది మాత్రం ఆడవాళ్లు. ఈ ముక్క చదివినప్పుడు నాకు ఏమీ ఆశ్చర్యం కలగలేదు.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అసలు సంత మొదలైంది. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లో బంగాళాదుంపల పొలాలు కొని, 1947 నుంచి విలియం లెవిట్ అనే బిల్డరు ఒకేలాంటి ఇళ్లు వరసగా కట్టుకుంటూ పోయాడు. కార్ల ఫ్యాక్టరీలో కారు కదులుతూ వస్తే పనివాళ్లు నిలబడి బిగిస్తారు. ఇక్కడ ఇల్లు కదలదు కనక పనివాళ్లే ఇంటి నుంచి ఇంటికి కదిలేవారు, ఒకడు కిటికీలు, ఒకడు రంగులు. నాలుగేళ్లలో 17 వేలకు పైగా ఇళ్లు లేచాయి. 1949లో కొత్త నమూనా ఇల్లు ధర 7,990 డాలర్లు. సామాను సర్దిపెట్టిన మోడల్ ఇళ్లు చూడటానికి జనం బారులు తీరారు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రవాళ్లు, అత్తింట్లోనో అద్దె గదిలోనో సర్దుకుంటున్న కొత్త జంటలు. సర్ది ఉన్న పడకగది గుమ్మంలో నిలబడి ఆ పిల్ల ఏం చూసి ఉంటుందో నేను చెప్పగలను. తలుపు వేసుకోగలిగే గది. తనదంటూ ఒకటి.

కానీ ఆ గది అందరికీ కాదు. లెవిట్‌టౌన్ పత్రాల్లో తెల్లజాతి వాళ్లు కానివారు ఆ ఇళ్లలో ఉండకూడదని షరతు రాసి ఉండేది. నౌకరుగా ఉండొచ్చట, కాపురం ఉండకూడదు. ఇలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయరాదని 1948లో అక్కడి సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చింది. అయినా లెవిట్ నల్లవారికి ఇల్లు అమ్మలేదు. 1957లో పెన్సిల్వేనియాలోని లెవిట్‌టౌన్‌లో మైయర్స్ అనే నల్లజాతి దంపతులు ఒక ఇల్లు కొనుక్కుని దిగితే, గుంపులు చేరి రాళ్లు విసిరాయి. ఇల్లు అమ్మేటప్పుడూ కొనేటప్పుడూ జాతి చూడకూడదని చట్టం వచ్చింది 1968లో. మా చెల్లి దేవుడి మందిరం తీసి పూలకుండీ పెట్టానని చెప్పినప్పుడు నవ్వులాటగానే చెప్పింది. ఈ చరిత్ర చదివాక నేనే మళ్లీ ఫోన్ చేసి అడిగాను, మందిరం ఎందుకు తీయమన్నారే అని. "ఇది ఎవరిల్లో కొనేవాళ్లకి తెలియకూడదట అక్కా. పెళ్లి ఫోటోలూ తీసేశాం. ఇంగువ వాసన పోవడానికి మూడు రోజులు కిటికీలు తీసి పెట్టాం" అంది. ఈసారి అది నవ్వలేదు.

స్టేజింగ్ అన్న మాట పుట్టింది కూడా మా చెల్లి ఉండే ఆ ప్రాంతంలోనే. సియాటిల్ ప్రాంతంలో ఇళ్లు అమ్మిపెట్టే బార్బ్ ష్వార్జ్ అనే ఆవిడ 1972లో ఈ పద్ధతి మొదలుపెట్టిందని చెబుతారు. చిక్కేమిటంటే, మీ ఇల్లు చిందరవందరగా ఉంది, శుభ్రం చేసుకోండి అని ఇంటావిడ మొహం మీద చెప్పలేం కదా. అందుకని నాటకాల భాష పట్టుకుంది. ఇల్లు ఒక రంగస్థలం, కొనేవాళ్లు ప్రేక్షకులు, మనం రంగం అమరుద్దాం అంది. ఎంత తెలివి! చీపురు పట్టుకోమంటే మొహం మాడ్చుకునే మనిషి, రంగం అమర్చమంటే కొంగు బిగిస్తుంది. ఇప్పుడు అక్కడ అదొక పెద్ద వ్యాపారం. అక్కడి రియల్టర్ల సంఘం అడిగితే, కొనేవాళ్ల తరఫు ఏజెంట్లలో ఐదుగురికి నలుగురు, సర్దిన ఇంట్లో తమని తాము ఊహించుకోవడం కొనేవాళ్లకి తేలికవుతుందన్నారు. సర్దాల్సిన గదుల్లో మొదటిది హాలు, తరవాతది పెద్ద పడకగది. ఈమధ్య మంచం కూడా అక్కర్లేదట, ఖాళీ గది ఫోటోలో కంప్యూటరే మంచం వేసేస్తుందట. ఫోటో చూసి వచ్చినవాళ్లు గదిలో మంచం లేకపోతే ఏమనుకుంటారో మరి.

ఇంతకీ మన సంగతి. మన ఇళ్లకి పడకగది ఎప్పుడొచ్చింది?

మాటలు మాత్రం మనకి పాతవే. పడకటిల్లు, సెజ్జ, పాన్పు, శయ్య, తల్పం. హంసతూలికా తల్పం అనని కథ లేదు. కానీ ఆ పడకటిళ్లు కావ్యాల్లో రాజులకీ నాయికలకీ. మా అమ్మమ్మగారిది పెరవలి దగ్గర మండువా లోగిలి. పది మంది పడుకునే ఇంట్లో పడకగది అని ఒక్కటీ లేదు. మగవాళ్లు వీధరుగు మీద, ఆడవాళ్లూ పిల్లలూ వసారాలో చాపల మీద. పడమటిల్లు ఉండేది, అందులో ధాన్యం, ఆవకాయ జాడీలు, దేవుడు. ఎండాకాలం అందరూ పెరట్లో. మంచం అంటే నులక మంచం, పగలు గోడకి ఎత్తి నిలబెట్టేవారు. వడియాలు ఎండబెట్టడానికి కూడా అదే. రాత్రి కాగానే ఎవరి పక్క వాళ్లు చుట్ట విప్పి వేసుకునేవారు, పొద్దున్నే చుట్టేసేవారు. పక్క ఉండేది, గది ఉండేది కాదు. ఒక మనిషికి మంచం స్థిరంగా ఒకచోట పడిందంటే రెండే కారణాలు. పురుడైనా అయి ఉండాలి, జబ్బైనా చేసి ఉండాలి. మంచం పట్టడం, మంచాన పడటం అనే మాటలు అందుకే వచ్చాయనుకుంటాను. చివరికి ప్రాణం మంచం మీద పోకూడదని మనిషిని కిందికి దించేవారు.

గది తలుపు వేసుకుని పడుకునే అలవాటు మనకి తెచ్చింది కరెంటు ఫ్యాను అని నా అభిప్రాయం. ఫ్యాను లేకుండా గోదావరి జిల్లాల మే నెలలో తలుపులు మూసుకుని పడుకోమనండి చూద్దాం! ఆ తరవాత ఇంటి అప్పు. 1977లో హెచ్‌డీఎఫ్‌సీ పెట్టేవరకూ మనదేశంలో ఇల్లు కట్టుకోవడానికే అప్పిచ్చే ప్రైవేటు సంస్థ లేదు. అప్పు కావాలంటే ప్లాను కావాలి, ప్లానులో ప్రతి గదికీ ఒక పేరు రాయాలి. ఎప్పుడు పడితే అప్పుడు ఎలా కావాలంటే అలా వాడుకునే వసారాకి ఆ కాగితంలో చోటు లేదు. మా మావగారు బడిపంతులు, ఆయన ప్లానులో ఇంగ్లీషులో బెడ్ రూమ్ అనే రాసి ఉంది. అత్తయ్యగారు మాత్రం ఏనాడూ ఆ మాట అనలేదు, నైరుతి గది అనే అనేవారు. ఆవిడ గదిని దిక్కుతో పిలిచారు. ఇప్పుడైతే ఇంటిని కొలిచేదే పడకగదులతో. తెలంగాణ ప్రభుత్వం పేదలకి కట్టిన 560 చదరపు అడుగుల ఇళ్ల పథకానికి వాడుకలో పడ్డ పేరే డబుల్ బెడ్‌రూమ్. ఊళ్లో ముసలమ్మ కూడా "నాకు డబుల్ బెడ్‌రూమ్ వచ్చింది బాబూ" అంటోంది. నాలుగు వందల గజాల లోగిలిలో ఒక్క పడకగదీ లేని కాలం నుంచి ఇక్కడికి వచ్చాం.

అయితే, ఖాళీ గదిని అలంకరించి చూపించడం మనకి రాదని మాత్రం అనకండి. శోభనం గది మాటేమిటి? మా అమ్మమ్మగారి ఊళ్లో పందిరి మంచం మొత్తానికి ఒకే ఒక్క ఇంట్లో ఉండేది. ఎవరింట్లో కార్యమైనా ఆ మంచం విప్పి, బండి మీద వేసుకుని తెచ్చి, పడమటిల్లు ఖాళీ చేసి అందులో బిగించేవారు. మూడు రాత్రులు మల్లెదండలు, అగరొత్తులు, పళ్లేల్లో పళ్లూ మిఠాయిలూ, పాలగ్లాసు. నాలుగో రోజు మంచం తిరిగి బండెక్కేది, ఆవకాయ జాడీలు తిరిగి పడమటింట్లోకి వచ్చేవి, కొత్త పెళ్లికూతురు వసారాలో చాప మీదికి. మా అమ్మ తన సంగతే చెబుతూ, "ఆ మంచం మీద మా ఊళ్లో పెళ్లైన ప్రతి పిల్లా పడుకుందే, ఎవరి మంచమూ కాదు అది" అనేది.

ఇక పెళ్లిచూపులు! పక్కింటి కుర్చీలు, ఎదురింటి కప్పులు సాసర్లు, మేనత్త పట్టుచీర, ఎవరిదో హారం. నా పెళ్లిచూపులకి మా హాల్లో దివాను మీద పరిచిన దుప్పటి మా వెనకింటి వాళ్లది. పెళ్లైన ఆరేళ్లకి ఈ సంగతి మా వారికి చెబితే, "మరి ఆ రోజు కాఫీ?" అన్నారు. కాఫీ మాత్రం మాదేనండీ అన్నాను. వాళ్లూ తక్కువేమీ తినలేదు, వచ్చిన కారు మా మావగారి స్నేహితుడిది. అరువు అని రెండు పక్షాలకీ తెలుసు, తెలిసీ ఎవరూ అడగరు. కానీ పిల్లకి జబ్బుందా అని అడిగితే దాచకూడదు. అబ్బాయికి ముందు పెళ్లి ఉందా అంటే దాచకూడదు. అరువు దుప్పటికీ ఈ మాటకీ మధ్య గీత ఎక్కడుందో మన పెద్దవాళ్లకి బాగా తెలుసు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో దీనికి ఒక చట్టమే ఉందని చదివాను. అమ్మే ఇంట్లో గడిచిన మూడేళ్ల లోపు ఎవరైనా చనిపోయి ఉంటే కొనేవాళ్లకి చెప్పాలి. మూడేళ్లు దాటితే తమంతట తాము చెప్పక్కర్లేదు, కానీ నేరుగా అడిగితే అబద్ధం చెప్పకూడదు. ఆరు నెలలు తాళం పెట్టమన్న మన పురోహితులు, మూడేళ్లు అన్న వాళ్ల శాసనసభ. లెక్క వేరు గానీ ఇద్దరి బాధా ఒకటే.

ఇది చదివాక నాకు ఒక దారి దొరికినట్టైంది. మంచం వేస్తాను, అబద్ధం చెప్పను.

మిగిలింది గోడ మీద మరక. సున్నం వేయిద్దామని అంటే మా వారు ఒక రోజంతా నాతో మాట్లాడలేదు. నేనూ రెట్టించలేదు. మర్నాడు పొద్దున్న చూస్తే, ఆయనే స్టూలు మీద కూర్చుని ఉప్పుకాగితంతో ఆ మరక చుట్టూ మెల్లగా రుద్దుతున్నారు. ఫోటో తీసుకోనా అని అడిగాను. "తీసుకో, ఎవరికీ పంపించకు" అన్నారు. తరవాత గది అంతా లేత పసుపు రంగు వేయించాం. రంగుల అబ్బాయి ఆ చోట మాత్రం రెండు కోటింగులు ఎక్కువ వేశాడు, నూనె ఊరికే పైకి తేలుతుందని.

మంచం వెనకింటి పిన్నిగారిది. వాళ్లబ్బాయి బెంగుళూరులో ఉంటాడు కాబట్టి అది ఖాళీగానే ఉంది. పాతకాలం నవారు మంచం, కోళ్లకి నల్ల రంగు. పరుపు మాత్రం మాదే, బూరుగు దూదిది. ఒకప్పుడు దూదేకులవాళ్లు విల్లు పట్టుకుని వీధిలోకి వచ్చి టంయ్ టంయ్‌మని ఏకి పెట్టేవారు. ఇప్పుడు ఎవరూ రావడం లేదు, ఎండలో వేసి కర్రతో దులిపి తెచ్చాను. గళ్ల దుప్పటి పరిచాను. కిటికీకి నా పాత వెంకటగిరి చీర చింపి పరదా కుట్టాను. పక్కన ఒక స్టూలు, దాని మీద చెంబూ గ్లాసూ. చెల్లి ఫోటో చూసి, "చెంబు తీసెయ్ అక్కా, బుక్కూ పూలూ పెట్టు" అంది. నేను తీయలేదు. రాత్రి దాహమేస్తే పుస్తకం తాగుతామా?

మంచాన్ని ఆ నాలుగు గుర్తుల మీద వెయ్యలేదు. ఎందుకో చెయ్యి రాలేదు. అడుగు పక్కకి, కిటికీ వైపు జరిపి వేశాం.

కిందటి ఆదివారం పన్నెండో కుటుంబం వచ్చింది. బ్యాంకు ఉద్యోగి, బదిలీ మీద వచ్చాడు. భార్య, ఇద్దరు పిల్లలు, ఆవిడ తల్లి. పిల్లలు తిన్నగా నైరుతి గదిలోకి పరిగెత్తి మంచమెక్కి గెంతారు. అట్టపెట్టెలు కావు కనక నాకు భయం లేదు. ఆ పెద్దావిడ మోకాళ్ల నొప్పులతో మెల్లగా వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. కిటికీలోంచి జామచెట్టు చూసింది. బ్రోకరు అబ్బాయి నా వైపే చూస్తున్నాడు.

"ఎవరు పడుకునేవారమ్మా ఇందులో?" అని అడిగింది.

"మా అత్తయ్యగారండీ. కిందటేడు మాఘమాసంలో ఇక్కడే పోయారు. ఎనభై రెండేళ్లు. నిద్రలోనే" అన్నాను.

బ్రోకరు తల వంచుకున్నాడు. కూతురు తల్లి మొహం చూసింది. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. దుప్పటి మీద చెయ్యి పెట్టి నవారు బిగువు ఎలా ఉందో నొక్కి చూసింది.

"నిద్రలోనేనా? మంచాన పడలేదూ?"

"లేదండీ. ముందు రోజు సాయంత్రం కూడా పెరట్లో పువ్వులు కోశారు."

"అదృష్టవంతురాలు" అంది. కూతురి వైపు తిరిగి, "నాకీ గది చాలే" అంది.

బేరం ఇంకా పూర్తిగా కుదరలేదు. గజం దగ్గర రెండు వేలు తేడా ఉంది, మా బావగారు హైదరాబాదు నుంచి రావాలి, సంతకాలు కావాలి. కానీ వెళ్లేముందు పెద్దావిడ గుమ్మంలో ఆగి, ఇల్లు తీసుకుంటే ఆ నవారు మంచం కూడా ఉంచేస్తారా అని అడిగింది. అది మాది కాదండీ, వెనకింటి పిన్నిగారి దగ్గర అరువు తెచ్చాం అని చెప్పాను. "అయితే ఆవిణ్ణే అడుగుతానులే, ఎలాగూ ఇరుగుపొరుగు అవుతాం" అని చెప్పులు వేసుకుంది.